త్రీడీ ల్యాబ్‌కి హెడ్‌సెట్లు కొనే ముందు పిల్లల చేత పని చేయించి చూడండి: కొనుగోలు కమిటీలకు బహిరంగ లేఖ

ల్యాబ్ పరికరాల కొనుగోలు కమిటీల సభ్యులకు, ప్రిన్సిపాళ్లకు, సాంకేతిక విద్య, వైద్య విద్య శాఖల్లో ఈ ఫైళ్ల మీద సంతకాలు పెట్టే అధికారులకు,

నమస్కారం. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో డేటా విజువలైజేషన్ ల్యాబ్, అంటే అంకెల్ని బొమ్మలుగా మార్చి చూసే ల్యాబ్, చూసుకునే టీచర్ని. పాఠం చెప్పేదీ నేనే, ల్యాబ్ నడిపేదీ నేనే, పనిచేయని మౌసులు ఏరి పక్కన పెట్టేదీ నేనే. త్రీడీ ల్యాబ్‌కి ఏ పరికరాలు కావాలి, ఏవి అక్కర్లేదు అని మా కమిటీకి కాగితం మీద రాసిచ్చాను, పై ఆఫీసుకీ పంపాను. జవాబు రాలేదు. ఇంతలో మళ్లీ బడ్జెట్ వచ్చింది, మళ్లీ అదే లిస్టు తయారవుతోంది. పైన వీఆర్ హెడ్‌సెట్లు, అంటే తలకి తగిలించుకుంటే కళ్ల ముందు త్రీడీ బొమ్మ చూపేవి, అడుగున ఎక్కడో "కీబోర్డు, మౌస్ - స్టాండర్డ్" అని ఒక ముక్క. ఇది మా ఒక్క కాలేజీ గొడవ అయితే లోపలే తేల్చుకునేదాన్ని. వేరే కాలేజీల్లో ల్యాబులు చూసుకునే వాళ్లతో మాట్లాడితే అక్కడా ఇదే కథ. అందుకే మా కాలేజీ పేరు పక్కన పెట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

హెడ్‌సెట్లు వద్దని నేను అనడం లేదు. వాటితోనే బాగా జరిగే పనులు కొన్ని ఉన్నాయి, అవేంటో కూడా కింద రాశాను. నేను అడిగేది ఒక్కటే: ఏ పనికి కొంటున్నారో ముందు రాయండి, ఆ పని ఆ పరికరంతో జరుగుతుందో లేదో పిల్లల చేత చేయించి చూడండి, ఆ తర్వాత డబ్బు కట్టండి.

ముందు ఆ పని సంగతి చెప్తాను, ఎందుకంటే కమిటీ మీటింగుల్లో అసలు మాట్లాడనిది అదే. ఒక సీటీ స్కాన్ తీసుకోండి. శరీరాన్ని పొరపొరగా కోసినట్టు చూపే ఒక్కో స్లైసులో మామూలుగా 512 అడ్డం, 512 నిలువు చుక్కలుంటాయి. అలాంటివి 500 స్లైసులు పేరిస్తే 13 కోట్ల పైచిలుకు చుక్కలు, చుక్కకి రెండు బైట్ల లెక్కన సుమారు 262 ఎంబీ. ఆ దిమ్మెలో ఎముక ఎక్కడుంది, రక్తనాళం ఎటు తిరిగింది, గడ్డ ఎంత ఉంది అని విద్యార్థి వెతకాలి. అందుకు దాన్ని తిప్పాలి, అడ్డంగా కోసి లోపల చూడాలి, ఒక బిందువుని సరిగ్గా పట్టుకోవాలి, రెండు బిందువుల మధ్య దూరం కొలవాలి. డ్రోన్‌తో తీసిన క్వారీ పాయింట్ క్లౌడ్ (ఆ చోటి ఆకారాన్ని చూపే వేలాది చుక్కల గుంపు) అయినా, ప్రోటీన్ అణువైనా, ఒక్కో విలువని ఒక్కో చుక్కగా చూపే మూడు అక్షాల స్కాటర్‌ప్లాట్ అయినా పనులు ఇవే. డేటా మారుతుంది, చేతిపని మారదు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి చేతిది. ఏ వస్తువైనా గాలిలో ఆరు రకాలుగా కదులుతుంది: ముందుకూ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ, పైగా ఆ మూడు దిక్కుల చుట్టూ తిరగడం. మౌస్ బల్ల మీద రెండు రకాలుగానే కదులుతుంది, మిగతా నాలుగూ బటన్లతోనూ చక్రంతోనూ సర్దుకోవాలి. రెండోది కంటిది. మానిటర్ చదును, దాంట్లో లోతు ఉండదు, కన్ను ఊహించుకోవాలి. చేతికి ఏమివ్వాలి, కంటికి ఏమివ్వాలి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మన కొనుగోళ్లలో ఆ రెంటికీ కలిపి "హెడ్‌సెట్" అని ఒకే జవాబు రాసేస్తున్నారు, చేతి సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఏ పరికరం దేనికి మేలన్న ఈ పోలిక నిన్నా మొన్నటిది కాదు. 1968 డిసెంబర్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ని జనం ముందు పెట్టి చూపించాడు. అదే ఏడాది ఐవాన్ సదర్లాండ్ తలకి పెట్టుకునే త్రీడీ తెర గురించి పేపర్ వేశాడు. 1992లో షికాగోలోని ఇల్లినాయిస్ యూనివర్సిటీ వాళ్లు గది గోడల మీదే త్రీడీ బొమ్మ వేసే "కేవ్" చూపించారు. అంటే ఇవన్నీ పక్కపక్కన పెట్టి ఏది దేనికి పనికొస్తుందో చూడడం దశాబ్దాలుగా నడుస్తోంది. అందులో మూడు నాలుగు ఫలితాలు మీరు తప్పకుండా చూడాలి.

కాలిన్ వేర్, గ్లెన్ ఫ్రాంక్ 1996లో ప్రచురించిన పరిశోధన నాకు అన్నిటికన్నా ముఖ్యం. చుక్కలూ గీతలతో అల్లుకున్న త్రీడీ నెట్‌వర్క్‌ని జనానికి చూపించి, ఎంత పెద్ద నెట్‌వర్క్ వరకు తప్పు లేకుండా అర్థం చేసుకోగలరో కొలిచారు. మామూలు చదును బొమ్మతో పోలిస్తే, రెండు కళ్లకీ వేర్వేరు బొమ్మలు చూపే స్టీరియోతో 1.6 రెట్లు పెద్దది చదవగలిగారు. స్టీరియో లేకుండా, తల కదిపితే బొమ్మ కూడా తగ్గట్టు కదిలేలా చేస్తే 2.2 రెట్లు. రెండూ కలిపితే 3 రెట్లు. ఇంకో మాట కూడా చెప్పారు: బొమ్మ కదలడం తలతోనా, చేతితోనా, దానంతట అదే తిరగడమా అన్నది పెద్ద తేడా కాదు, ఏ కదలికైనా స్టీరియో కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. అంటే, మామూలు మానిటర్ మీదే బొమ్మ ఆగకుండా, గెంతకుండా, చేయి కదిపినట్టల్లా తిరిగితే కంటికి లోతు చాలావరకు తెలిసిపోతుంది. దానికి కావాల్సింది ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు, సరిగ్గా పనిచేసే ఒక మౌస్. ఈ రెండూ మన లిస్టుల్లో చివరన ఉంటున్నాయి.

2001లో మార్క్ సెయింట్ జాన్ బృందం ఇంకో తేడా తేల్చింది. ఒక వస్తువు ఆకారం ఎలా ఉందో తెలుసుకోవడానికి త్రీడీ బొమ్మ మంచిది, ఒకదానికొకటి ఎంత దూరంలో, ఏ స్థానంలో ఉన్నాయో కచ్చితంగా చెప్పడానికి చదును బొమ్మే మంచిది. సీటీ మొదటిసారి ఒక రోగికి తీసింది 1971లో, లండన్‌లో. ఇన్నేళ్లయినా రేడియాలజిస్టులు రోజూ ప్రధానంగా చదివేది స్లైసులనే. త్రీడీ బొమ్మని ఎముక విరుపులు, రక్తనాళాల లాంటి వాటికి తోడు పెట్టుకుంటారు. కొలిచే పనికి స్లైసే నమ్మకం.

ఇక సరిగ్గా మన సమస్య మీదే 2017లో బెంజమిన్ బాక్, రోనెల్ సికాట్, హాన్స్‌పీటర్ ఫిస్టర్ బృందం ఒక పరీక్ష చేసింది. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ అనే హెడ్‌సెట్, చేతిలో పట్టుకునే ట్యాబ్లెట్, మౌస్‌తో మామూలు డెస్క్‌టాప్, ఈ మూడూ పెట్టి 15 మందితో నాలుగు రకాల పనులు చేయించారు. ఒక్కో పరికరానికి దాని పని ఉందని తేలింది. కానీ దాదాపు అన్ని చోట్లా వేగంగానూ, తక్కువ తప్పులతోనూ నడిచింది డెస్క్‌టాపే.  అదే ఏడాది లోనీ బెజాన్సన్ బృందం మౌస్, టచ్ స్క్రీన్, చేత్తో పట్టుకుని తిప్పే వస్తువు, ఈ మూడూ పోల్చింది. కచ్చితత్వంలో మూడూ ఒకలాగే వచ్చాయి, తేడా అంతా పట్టిన టైములో ఉంది, చేత్తో పట్టుకుని తిప్పేది వేగంగా నడిచింది. అందులో ఎక్కడా హెడ్‌సెట్ లేదు. చేతికిచ్చేది మార్చినంత మాత్రానే పని వేగం మారిందన్నమాట.

ఇప్పుడు మా ల్యాబ్‌లో రోజూ కనిపించేది చెప్తాను.

హెడ్‌సెట్ అమ్మడానికి వచ్చిన వాళ్లు కమిటీకి డెమో ఇస్తారు. రోలర్ కోస్టర్ చూపిస్తారు, సముద్రం అడుగున చేపలు చూపిస్తారు, గుండె లోపలికి తీసుకెళ్తారు. పెట్టుకున్న ప్రతివాళ్లూ "అబ్బో" అంటారు, నేనూ అన్నాను. ఆ డెమోలో ఎవరూ ఏమీ కొలవరు, ఏమీ రాయరు, ఒక చుక్కని పట్టుకుని దాని విలువ చెప్పమని ఎవరూ అడగరు. అక్కడే ఆర్డర్ ఖాయమైపోతుంది. తీరా ల్యాబ్‌లోకి వచ్చాక జరిగేది ఇది: ఒక అమ్మాయి హెడ్‌సెట్ పెట్టుకోవాలంటే ముందు జడ వెనక పట్టీకి అడ్డం రాకుండా పక్కకి లాగాలి, కళ్లద్దాలు లోపల ఇరుక్కోకుండా చూసుకోవాలి. స్కాటర్‌ప్లాట్ గాలిలో తేలుతూ కనిపిస్తుంది, బాగుంటుంది. అక్షం మీద అంకెలు మసకగా ఉంటాయి. దగ్గరికి వెళ్తే అంకె కనిపిస్తుంది కానీ చుక్క చూపు దాటిపోతుంది. దూరం నుంచి చేతిలోని కంట్రోలర్ చూపే కిరణంతో చుక్కని గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కుతుంది, ఆ నొక్కుడికే చేయి కాస్త జరిగి పక్క చుక్క ఎంపికవుతుంది. చివరికి విలువ దొరుకుతుంది, రికార్డులో రాసుకోవాలి, కాగితం కనపడదు, హెడ్‌సెట్ తీసేస్తుంది, రాస్తుంది, మళ్లీ పెట్టుకుంటుంది, ఈలోగా హెడ్‌సెట్ నిద్రపోయి ఉంటుంది. ఒక్కో విలువకీ ఇదే తంతు. పక్కన క్యూలో నిలబడ్డ వాళ్లకి ఆమె ఏం చూస్తోందో తెలియదు, నాకూ తెలియదు.

అదే ల్యాబ్‌లో ఇంకో వరస చూడండి. త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక అబ్బాయి సీటీ దిమ్మెని తెరిచాడు. ఎడమ బటన్‌తో తిప్పుతాడు, చక్రంతో దగ్గరికి తెచ్చుకుంటాడు, చక్రాన్ని లోపలికి నొక్కి పట్టుకుని పక్కకి జరుపుకోవాలి. ఆ చక్రం నొక్కుడు పనిచేయడం లేదు, ఎందుకంటే టెండర్‌లో "స్టాండర్డ్" అని రాసిన మౌస్ అన్నిటికన్నా తక్కువ ధరకి వచ్చింది, సెమిస్టర్ పూర్తయ్యేలోపే చక్రం వదులైంది. షిఫ్ట్ నొక్కి ఎడమ బటన్‌తో జరపొచ్చని నేను చెప్పేదాకా ఆ అబ్బాయి "మేడం, ఈ సాఫ్ట్‌వేర్ బాగోలేదు" అనే అనుకున్నాడు. పారావ్యూ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అయినా అంతే, అక్కడా మధ్య బటన్ లేకపోతే బొమ్మని జరపడం ఇబ్బందే. హెడ్‌సెట్ల మీద ఖర్చుపెట్టిన దాంట్లో చిన్న ముక్కతో ఆ గదిలో మౌసులన్నీ మార్చేయొచ్చు.

ట్యాబ్లెట్ల సంగతి కొంచెం వేరు. రెండు వేళ్లతో తిప్పడం పిల్లలకి ఇట్టే వచ్చేస్తుంది, ఫోన్లు వాడే చేతులే కదా. రోగికి తన ఎముక ఎక్కడ విరిగిందో చూపించడానికి అది చాలా మంచి పరికరం. కానీ చూడాల్సిన చోటే వేలు అడ్డం వస్తుంది, చిన్న చుక్కని పట్టుకోవడం కష్టం. కెమెరా ముందు గాలిలో చేతులు ఊపి తిప్పేవి, 2010లో వచ్చిన కినెక్ట్, 2013లో వచ్చిన లీప్ మోషన్ లాంటివి, డెమోకి బాగుంటాయి. వరసగా అరగంట పని చేయమంటే భుజం లాగేస్తుంది, చేయి కెమెరా కంటికి అందకపోతే పట్టు తప్పుతుంది. స్పేస్‌మౌస్ అని ఇంకోటుంది, బల్ల మీద గట్టిగా కూర్చునే ఒక గుండ్రటి పిడి, నొక్కినా లాగినా మెలిపెట్టినా ఆరు కదలికలూ ఒకేసారి వస్తాయి. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని కుడి చేత్తో మామూలు మౌస్ వాడతారు. మొదట్లో చేతికి వంకరగా తిరుగుతుంది, అలవాటయ్యాక పిల్లలు దాన్ని వదలరు. క్యాడ్ ఆఫీసుల్లో, అంటే కంప్యూటర్ మీద డిజైన్లు గీసే చోట, ఇది మామూలే. దాని బేసిక్ మోడల్ ధర మామూలుగా ఒక హెడ్‌సెట్ ధర కన్నా తక్కువే. మన టెండర్లలో దాని పేరు నాకు కనిపించలేదు.

మరి హెడ్‌సెట్ ఎక్కడ పనికొస్తుంది? డేటా మనకన్నా పెద్దదై, దాని లోపల నిలబడి చూడాల్సి వచ్చినప్పుడు. గని సొరంగం స్కాన్‌లో నడవడం, కట్టబోయే భవనంలో మెట్ల పక్కన తలకి దూలం తగులుతుందో లేదో చూడడం, ప్రోటీన్‌లో మందు అణువు ఇమిడే గుంటని లోపలి నుంచి చూడడం, ఆపరేషన్‌కి ముందు మెలికలు తిరిగిన రక్తనాళం ఆకారం పట్టుకోవడం. ఇలాంటి వాటికి తల తిప్పితే చూపు మారడం, రెండు కళ్లకీ లోతు తెలియడం నిజంగా ఉపయోగపడతాయి. ఇందుకు ల్యాబ్‌కి రెండో మూడో చాలు. బల్ల బల్లకీ ఒకటి అక్కర్లేదు.

పొరపాటు కొనుగోలు భారం కాగితాల మీద కనపడదు, మోసేది పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ, రేపు ఈ పిల్లల చేతిలో పని పడే మామూలు జనమూ. ఎలాగో వరసగా రాస్తున్నాను.

1. టైము. 30 మంది బ్యాచ్, 2 హెడ్‌సెట్లు, 3 గంటల ల్యాబ్. లెక్క వేస్తే తలకి 12 నిమిషాలు. పెట్టుకోవడం, పట్టీ బిగించడం, చుట్టూ హద్దు గీసుకోవడం, కంటికి సర్దుకోవడం పోగా మిగిలేది అందులో సగమే. ఆ సగంలో ఎవరు ఏం నేర్చుకుంటారు? అదే 30 మందికి 30 మామూలు మానిటర్లుంటే ప్రతి ఒక్కరికీ 3 గంటలూ చేతిలో ఉంటాయి.

2. చదవడం. మామూలు చూపున్న కంటికి ఒక డిగ్రీ కోణంలో సుమారు 60 పిక్సెళ్ల వరకు తేడా తెలుస్తుంది. కాలేజీల్లో ఎక్కువగా కనిపించే మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2 లాంటి వాటిలో అది 20 దగ్గర ఉంటుంది. అంటే అంకెలు, పేర్లు, సన్న గీతలు మసక. డేటా విజువలైజేషన్ అంటేనే అంకెల్ని చదవడం.

3. ఒళ్లు. తల తిరగడం, వికారం, కళ్లు లాగడం అందరికీ ఒకేలా రావు, కానీ ప్రతి బ్యాచ్‌లో కొందరికి వస్తాయి. దీనికి తెలిసిన కారణాలే ఉన్నాయి. హెడ్‌సెట్‌లో కళ్లు దగ్గరి వస్తువు వైపు వాలతాయి, కంటి కటకం మాత్రం తెర ఉన్న ఒకే దూరానికి సర్దుకుని ఉండాలి, ఈ రెండూ మామూలుగా కలిసి నడిచేవి అక్కడ విడిపోతాయి. ఇంకోటి కంటిపాపల మధ్య దూరం. క్వెస్ట్ 2లో దానికి మూడే సెట్టింగులు: 58, 63, 68 మిల్లీమీటర్లు. 2020లో కే స్టానీ బృందం చేసిన పరిశోధనలో ఆడవాళ్లకి వికారం ఎక్కువగా రావడానికి ప్రధాన కారణం హెడ్‌సెట్ ఈ దూరానికి కుదరకపోవడమే అని తేలింది. అమ్మాయిలు "మేడం, నాకు తిప్పుతోంది, నేను తర్వాత చేస్తా" అని పక్కకి తప్పుకుంటే వాళ్లకి ఆసక్తి లేదనో, భయమనో రాసేస్తున్నారు. తప్పు ఆ పరికరం కొలతలో ఉంది. ఒక కన్ను సరిగ్గా లేనివాళ్లకి, చిన్నప్పటి నుంచి మెల్లకన్ను ఉన్నవాళ్లకి స్టీరియో లోతు సరిగ్గా అందదు. అలాంటి విద్యార్థి ఆ ప్రాక్టికల్ ఎలా చేయాలి, మార్కులు ఎలా వేస్తారు? ఈ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

4. శుభ్రత. ఒకరి ముఖం మీద నుంచి తీసి ఇంకొకరి ముఖానికి పెడతాం. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో హాస్టళ్లలో కళ్లకలక ఎలా పాకిందో అందరం చూశాం. ముఖానికి తగిలే స్పాంజి చెమటకి తడిసి ఉంటుంది, మార్చడానికి విడి కవర్లు ఉండాలి, తుడవడానికి ఒక మనిషి ఉండాలి. ఇవేవీ కొనుగోలు లిస్టులో ఉండవు.

5. డబ్బు, దాని ఆయుష్షు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. త్రీడీ టీవీలు అన్నారు, 2017కల్లా ఎల్జీ, సోనీ కూడా వదిలేశాయి. కళ్లద్దాలతో చూసే ఎన్విడియా త్రీడీ విజన్‌కి 2019లో కొత్త డ్రైవర్లు ఆపేశారు. గూగుల్ కార్డ్‌బోర్డ్ 2014లో వచ్చింది, 2021లో అమ్మకం ఆగింది. హోలోలెన్స్ 2 ఉత్పత్తి ఆపేస్తున్నట్టు 2024లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. అన్నిటికన్నా బాధ పెట్టేది విండోస్‌లో హెడ్‌సెట్లు నడవడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ: ఏసర్, డెల్, హెచ్‌పీ, లెనోవో, శామ్‌సంగ్ ఆ పేరు మీద హెడ్‌సెట్లు అమ్మాయి, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌లో ఆ సదుపాయాన్నే తీసేశారు. పరికరం బాగానే ఉంటుంది, పగుల్లేదు, కాలలేదు, కానీ అప్‌డేట్ చేసిన కంప్యూటర్‌కి పెడితే పనిచేయదు. ల్యాబ్ కంప్యూటర్లు అప్‌డేట్ చేయకపోతే భద్రత పోతుంది, చేస్తే హెడ్‌సెట్ పోతుంది. పదేళ్ల నాటి మానిటర్, మూడు బటన్ల మౌస్ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఈ డబ్బు ప్రభుత్వానిదైతే ప్రజలది, ప్రైవేట్ కాలేజీలో ఫీజు అయితే పొలం కౌలుకిచ్చో, బంగారం బ్యాంకులో పెట్టో కట్టినది. తనిఖీ బృందం వచ్చిన రోజు బయటికి తీసి, వెళ్లాక బీరువాలో పెట్టడానికి ఆ తల్లిదండ్రులు కట్టలేదు.

6. రేపటి పని. జిల్లా ఆసుపత్రిలో స్కాన్ సెంటర్ టెక్నీషియన్ కూర్చునేది మామూలు మానిటర్ ముందు. సర్వే ఆఫీసులో పాయింట్ క్లౌడ్ శుభ్రం చేసేవాడి చేతిలో ఉండేది మౌస్. ఒక దిమ్మెని సరైన కోణంలో కోయడం, అక్షం ఎటుందో పోల్చుకోవడం, పక్క చుక్కని కాకుండా సరైన చుక్కనే పట్టుకోవడం ల్యాబ్‌లో చేతికి రాకపోతే, అది అక్కడ ఒక రోగి గడ్డ కొలతలో, ఒక రైతు పొలం గట్టు లెక్కలో తప్పుగా తేలుతుంది. ఆ రోగికీ, రైతుకీ మన ల్యాబ్‌లో ఏ హెడ్‌సెట్ ఉందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

అందుకని కింది విషయాలు అడుగుతున్నాను. వీటిలో ఏదీ కొత్త జీవో రావాల్సినంత పెద్దది కాదు, చాలావరకు కమిటీ స్థాయిలోనే అయిపోతాయి.

1. స్పెసిఫికేషన్ రాసే ముందు పనుల లిస్టు రాయించండి. ఏ సబ్జెక్టు, ఏ డేటా, విద్యార్థి ఏం చేయాలి: తిప్పాలా, కోయాలా, కొలవాలా, లోపల నడవాలా. సంతకం ఆ సబ్జెక్టు చెప్పే టీచర్‌ది ఉండాలి. పని రాయకుండా వచ్చిన పరికరం పేరుని లిస్టులోకి తీసుకోకండి.

2. టెండర్‌కి ముందు ట్రయల్ పెట్టండి. కంపెనీ డెమో డేటాతో వద్దు, మన సిలబస్ డేటాతో. మన విద్యార్థులే చేయాలి, అందులో సగం మంది అమ్మాయిలుండాలి, కళ్లద్దాలు పెట్టుకునే వాళ్లుండాలి, కంప్యూటర్ కొత్తగా పట్టుకున్న వాళ్లూ ఉండాలి. అదే పనిని మౌస్-మానిటర్‌తో, స్పేస్‌మౌస్‌తో, ట్యాబ్లెట్‌తో, హెడ్‌సెట్‌తో చేయించి ఎంత టైము పట్టింది, ఎన్ని తప్పులొచ్చాయి అని రాయండి. ఒకరికి మౌస్ ముందిస్తే ఇంకొకరికి హెడ్‌సెట్ ముందివ్వండి, లేకపోతే మొదటిసారి నేర్చుకున్నది రెండోసారి కలిసొచ్చి లెక్క తప్పుతుంది. వికారం, తలనొప్పి కొలవడానికి కెనడీ బృందం 1993లో తయారుచేసిన 16 లక్షణాల ప్రశ్నావళి ఉంది, ప్రపంచమంతా వాడుతున్నారు, దాన్ని తెలుగులో అడిగితే చాలు. ఈ మొత్తానికి రెండు రోజులు, ఒక గది, అరువు తెచ్చిన పరికరాలు సరిపోతాయి.

3. "మౌస్ - స్టాండర్డ్" అనే ముక్కని తీసేయండి. దాని చోట ఇలా రాయండి: మూడు బటన్లు, నొక్కితే పనిచేసే చక్రం, వారంటీ, పది శాతం అదనపు మౌసులు. కంప్యూటర్‌కి విడి గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కనీసం 24 అంగుళాలు. ఈ ఒక్క మార్పుతో ల్యాబ్‌లో కనిపించే తేడా మిగతా అన్నిటికన్నా ఎక్కువ అని నేను నమ్ముతున్నాను.

4. ప్రతి త్రీడీ ల్యాబ్‌కి కొన్ని స్పేస్‌మౌస్‌లు పెట్టండి, ఎడమచేతి వాటం పిల్లల్ని కూడా దృష్టిలో పెట్టుకుని.

5. హెడ్‌సెట్లు కొంటే తక్కువ కొనండి, షరతులు పెట్టి కొనండి. కంటిపాపల దూరం మిల్లీమీటర్ మిల్లీమీటర్‌గా సర్దుకునేలా ఉండాలి. కళ్లద్దాల మీద పెట్టుకునేలా ఉండాలి. విద్యార్థి చూసేది పెద్ద తెర మీద టీచర్‌కీ, మిగతా వాళ్లకీ కనపడాలి. పిల్లల సొంత అకౌంట్లు అడగకూడదు, ఇంటర్నెట్ లేకపోయినా ల్యాబ్ డేటా తెరుచుకోవాలి. ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్రమాణాన్ని పాటించాలి, రేపు ఈ కంపెనీ మూసేసినా సాఫ్ట్‌వేర్ ఇంకో హెడ్‌సెట్ మీద నడవాలి. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అమ్మేవాళ్లు కాగితం మీద రాసివ్వాలి. రాసివ్వని వాళ్ల దగ్గర, ధర ఎంత తక్కువైనా, కొనకండి.

6. హెడ్‌సెట్ పడని విద్యార్థికి అదే ప్రాక్టికల్ మానిటర్ మీద చేసే అవకాశం, అవే మార్కులు ఉంటాయని రాతపూర్వకంగా చెప్పండి. ఎందుకు పడదో వాళ్లు అందరి ముందూ చెప్పుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు.

7. త్రీడీ స్లైసర్, పారావ్యూ, పాయింట్ క్లౌడ్‌ల కోసం వాడే క్లౌడ్‌కంపేర్ ఉచితంగా దొరుకుతాయి, మన దగ్గరున్న కంప్యూటర్లలో చాలావాటి మీద నడుస్తాయి. ఖరీదైన కంటెంట్ ప్యాకేజీలు హెడ్‌సెట్‌తో కలిపి కొనే ముందు ఆ డబ్బులో కొంత టీచర్లకి వీటి మీద ట్రైనింగ్ ఇవ్వడానికి కేటాయించండి. పరికరం కొన్న ఏడాది దాన్ని వాడడం వచ్చిన మనిషి లేకపోతే అది ఆ గదిలో వస్తువే.

8. ఇప్పటికే కొన్న హెడ్‌సెట్ల వాడకం లెక్క బయటపెట్టండి: ఎన్ని కొన్నారు, ఎప్పుడు, నెలకి ఎన్ని గంటలు వాడారు, ఎన్ని పనిచేస్తున్నాయి. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నదాన్నే ఒక పేజీగా పెట్టమంటున్నాను.

ఈ లేఖలో నేను చెప్పినదాంట్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటే, ముఖ్యంగా వైద్య కళాశాలల్లో అనాటమీ, రేడియాలజీ చెప్పే వాళ్లకి వేరే అనుభవం ఉంటే, దాన్ని కూడా కమిటీల ముందు పెట్టమని కోరుతున్నాను. శరీరాన్ని పెద్ద తెర మీదే కోసి చూపే వర్చువల్ డిసెక్షన్ టేబుళ్ల గురించి నాకన్నా వాళ్లకే బాగా తెలుసు, అందుకే వాటి జోలికి నేను పోలేదు. మాటలకి మాటలు సమాధానం చెప్పుకోవడం కన్నా, రెండో అంశంలో అడిగిన ట్రయల్ ఒక్కటి పెడితే అందరం ఒకే లెక్క చూసి మాట్లాడుకోవచ్చు. ట్రయల్‌కి కావాల్సిన పనుల పత్రాలు, డేటా, తెలుగులో ప్రశ్నావళి నేను తయారుచేసి ఇస్తాను, ఏ కాలేజీ అడిగినా ఇస్తాను, డబ్బు అక్కర్లేదు.

ఈ ఏడాది టెండర్లు తెరవకముందే, కనీసం రెండు, మూడు, ఐదు, ఆరు అంశాల మీద మీ నిర్ణయం ఏమిటో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. కుదరదు అనుకుంటే ఎందుకు కుదరదో రాయండి.

ఇట్లు,
త్రీడీ ల్యాబ్ చూసుకునే ఒక టీచర్